చెవులపిల్లికి కావాల్సింది క్యారెట్ కాదు, మన గెట్టు మీది గడ్డి

పై వీడియో పెట్టినప్పటి నుంచి ఫోన్ చేసిన రైతన్నల్లో సగం మంది ఒకటే మాట అడిగారు: "తమ్మీ, పంటల గురించి చెప్పేటోడివి, పాతబస్తీ పిల్లలు పెంచుకునే కుందేళ్ల ముచ్చట మాకెందుకు?" అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇంట్లో పెంచుకునే కుందేలుకు మంచి తిండి అంటే నూటికి ఎనభై పాళ్లు గడ్డి. అది ఖరీదైన దాణా కాదు, క్యారెట్ అసలే కాదు. ఆ గడ్డి ఏ నీళ్లతో పెరిగింది, దాని మీద ఏ మందు పడింది అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగేది ప్రకృతి వ్యవసాయం చేసే రైతే. నగరంలో ఆ గడ్డి కావాలనుకునేవాళ్లు ఉన్నారు. మన చేనులో ఆ గడ్డి ఉంది. మధ్యలో మాత్రం దారి లేదు. అయితే ఆ దారి వేసే ముందు మనం సర్దుకోవాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. వాటిని కూడా దాచకుండా చెప్తా.

పాతబస్తీలో కుందేలు ఏం తింటోంది?

చార్మినార్ నుంచి లాడ్ బజార్ దాటి పడమరకు పోతే మహబూబ్ చౌక్ వస్తుంది. 1892లో కట్టిన గడియార స్తంభం అక్కడే ఉంటుంది. ఆ పక్కనే కోళ్లు, పావురాలు అమ్మే ముర్గీ చౌక్. పాతబస్తీలో పెంపుడు జీవం కావాలంటే తరతరాలుగా జనం పోయేది అటువైపే. ఆదివారం పూట పిల్లలు నాన్న చెయ్యి పట్టుకుని వచ్చి, తెల్లటి ఖర్గోష్ జతను అట్టపెట్టెలో పెట్టించుకుని పోతుంటారు. ధర పెద్దగా ఉండదు. కొనేవాళ్లు మంచి మనసుతోనే కొంటారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది, ఎందుకంటే పెట్టెతో పాటు తిండి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

నేను వారానికి రెండుసార్లు చేవెళ్ల వైపు నుంచి ఆకుకూరలు పాతబస్తీకి తెస్తాను. ఆకుకూరలు ఇచ్చే ఇళ్లలోనే నాకు కుందేళ్లు కనబడతాయి. వాటి ముందు ఉండేవి ఏమిటో చూడండి. క్యారెట్ ముక్కలు, నానబెట్టిన శనగలు, రొట్టె, బిస్కెట్, రస్కు, మిగిలిన అన్నం. కొంచెం ఉన్నవాళ్ల ఇళ్లలో రంగురంగుల గింజలు కలిపిన దాణా ప్యాకెట్. ఎక్కడో ఒకచోట కొత్తిమీర కాడలు. గడ్డి మాత్రం అరుదు. ఉన్నా, గేదెల తబేలాకు వచ్చిన మోపులోంచి ఒక గుప్పెడు తెచ్చింది.

ప్రేమకు లోటు లేదు. తిండి మాత్రం తప్పు. ఆవుకు రోజూ పాయసం పెట్టినట్టు ఉంటుంది ఈ పద్ధతి.

కుందేలు పొట్ట ఒక జీవామృతం డ్రమ్ము

మనవాళ్లకు తొందరగా అర్థమయ్యే పోలిక ఇది. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గెట్టు మట్టి. ఈ లెక్కతో కలిపితే జీవామృతం పనిచేస్తుంది. అదే డ్రమ్ములో 20 కిలోల బెల్లం గుమ్మరిస్తే ఏమవుతుంది? పులిసిపోయి, పొంగి, కంపు కొడుతుంది. మనకు కావాల్సిన సూక్ష్మజీవులు వెనకబడి, అక్కర్లేనివి పైకొస్తాయి.

కుందేలు పొట్టలోనూ అట్లాంటి డ్రమ్మే ఉంది. పెద్దపేగు మొదట్లో సంచి లాంటి భాగం. పుస్తకాల్లో దాన్ని సీకం అంటారు. ఆవుకు పులియబెట్టే పని ముందు పొట్టలో జరిగితే, కుందేలుకు వెనక పేగులో జరుగుతుంది. పొడుగాటి పీచు పేగును కదిలిస్తూ బయటికి గట్టి పెంటికలుగా పోతుంది. మెత్తటి భాగం వెనక్కి సీకంలోకి పోయి పులుస్తుంది. అక్కడ తయారైనదాన్ని కుందేలు మెత్తటి గుత్తుల్లాగా విసర్జించి, కింద పడకముందే నోటితో అందుకుని మళ్లీ తింటుంది. చూసినవాళ్లు "ఛీ" అంటారు గానీ, దానికి బి విటమిన్లు, కొంత ప్రొటీన్ దొరికేది అందులోంచే. ఆ గుత్తులు తినకుండా వదిలేసి, వెనక భాగానికి అంటుకుని కనబడుతున్నాయంటే చాలాసార్లు తిండిలో పిండి, తీపి ఎక్కువై గడ్డి తక్కువైందని అర్థం.

గడ్డి తగ్గితే పేగు కదలిక మందగిస్తుంది. రొట్టె, అన్నం, శనగలు, బిస్కెట్లలోని పిండి, చక్కెర సీకంలోకి చేరితే గ్యాస్ తయారవుతుంది. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు. లోపలికి పోయింది ముందుకే పోవాలి. అందుకే పేగు ఆగిపోతే దానికి ప్రాణగండమే. అర రోజు పైగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా "రేపు చూద్దాంలే" అనుకోవద్దు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకో వెంటనే తీసుకెళ్లాలి. కుందేలు నొప్పిని అరిచి చెప్పుకోదు, మూలకు ముడుచుకుని కూర్చుంటుంది, అంతే.

ఇంకోటి పళ్లు. కుందేలుకు 28 పళ్లు. అన్నీ బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అవి అరగాలంటే గంటల తరబడి పక్కలకు నమలాలి. గడ్డి అట్లా నమిలిస్తుంది. గుళికల దాణా రెండు కొరుకుళ్లలో పొడి అయిపోతుంది. పళ్లు వంకరగా పెరిగి చెంపలోకో, నాలుకలోకో గుచ్చుకుంటే ఆకలి ఉన్నా తినలేని పరిస్థితి వస్తుంది.

మన తెల్ల కుందేలు అడవి చెవులపిల్లి కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. దీని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ వైపు గడ్డి నేలల్లో బొరియలు తవ్వుకుని బతికినవి. మన చెలకల్లో పరుగెత్తే చెవులపిల్లి వేరే జాతి. దాన్ని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చేనులో పిల్లలు దొరికితే అక్కడే వదిలేయండి, తల్లి వచ్చి పాలిస్తుంది.

మరి ఏం పెట్టాలి?

వీడియోలో పట్టిక చూపించాం కానీ, ఇక్కడ మాటల్లో రాస్తా. కొనేవాళ్లకు మీరు చెప్పాల్సింది కూడా ఇదే.

గడ్డి ఎప్పుడూ ముందు ఉండాలి, పగలూ రాత్రీ. రెండు కిలోల కుందేలు రోజుకు సుమారు 100 గ్రాముల ఎండుగడ్డి తింటుంది. పచ్చి గరిక దొరికితే అదీ మంచిదే. ఒక్కసారిగా మార్చొద్దు, వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయాలి.

ఆకులు రోజుకు గుప్పెడు. కొత్తిమీర, పుదీనా, మెంతికూర, ముల్లంగి ఆకు, తులసి, క్యారెట్ మీది ఆకు. అవును, క్యారెట్ కంటే దాని ఆకే మేలు. మీరాలం మండిలో సాయంత్రం పూట అవతల పారేసే ముల్లంగి ఆకులు, క్యారెట్ ఆకులు చాలా కుందేళ్లకు సరిపోతాయి. కాకపోతే బాగా కడిగి, నీళ్లు ఆరాక పెట్టాలి. పాలకూర, తోటకూర, గంగవాయిలి కూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, వారానికి ఒకటి రెండుసార్లు కొంచెం చాలు.

క్యారెట్, అరటిపండు, ఆపిల్ లాంటివి మనకు మిఠాయి ఎట్లాగో దానికి అట్లా. బొటనవేలంత ముక్క, వారానికి రెండుసార్లు.

గుళికల దాణా పెడితే కిలో బరువుకు రోజుకు ఒక టేబుల్ స్పూన్ మించొద్దు. ప్యాకెట్ వెనక చూడండి: పీచు 18 శాతానికి తగ్గకూడదు, పెద్ద కుందేలుకు ప్రొటీన్ 12 నుంచి 14 శాతం చాలు. మాంసం కోసం పెంచే ఫారాల దాణా త్వరగా బరువు పెరగడానికి చేసింది, దాన్ని ఎనిమిది, పదేళ్లు బతకాల్సిన ఇంటి కుందేలుకు గిన్నె నిండా పోస్తే ఒళ్లు పెరుగుతుంది తప్ప ఆయుష్షు పెరగదు.

లూసర్న్ గడ్డి గురించి మనవాళ్లలో అపోహ ఉంది. "బలం గదా, దాన్నే పెడితే పోలే?" అంటారు. ఆరు నెలల లోపు పిల్లలకు, చూలుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు అది మంచిదే. పెద్దవాటికి రోజూ వద్దు. కుందేలు తిండిలో ఎంత కాల్షియం ఉంటే అంతా ఒంటికి పట్టించుకుని, మిగిలింది మూత్రంలో వదులుతుంది. లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ. ఏళ్ల తరబడి పెడితే మూత్రాశయంలో సున్నం తేటలాగా పేరుకుంటుంది. పల్లి కట్టె, దశరథ గడ్డి కూడా పప్పు జాతివే. రుచికి కొంచెం కలపొచ్చు, అసలు మేత మాత్రం గరిక, గిని గడ్డి లాంటి గడ్డి జాతివే కావాలి.

నీళ్లు బరువైన మట్టి గిన్నెలో పెట్టండి. మన హైదరాబాద్ ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటినప్పుడు కుందేలుకు తిండి కంటే ముందు నీళ్లు, నీడ కావాలి. చెమట పట్టని జీవం అది, చెవుల్లోంచే వేడి వదులుతుంది.

నెల కూడా నిండని పిల్లల్ని కొనొద్దని కొనేవాళ్లకు గట్టిగా చెప్పండి. ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. తల్లిపాలు తొందరగా మాన్పించి, అదే రోజు రొట్టె, క్యారెట్ పెడితే విరేచనాలు పట్టుకుని పోతాయి. "జాతే మంచిది కాదు" అని జనం అనుకుంటారు. తప్పు జాతిది కాదు, వయసుది, తిండిది.

ఒకే నది, రెండు రకాల గడ్డి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. "గడ్డి పెట్టండి" అని చెప్పడం తేలిక. పాతబస్తీలో గడ్డి ఎక్కడిది?

మూసీ వికారాబాద్ అనంతగిరి గుట్టల్లో పుడుతుంది. 1908 వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండు చెరువుల పరీవాహక ప్రాంతంలో 84 గ్రామాల్లో కాలుష్యం తెచ్చే పరిశ్రమలు రావొద్దని 1996లో 111 జీవో వచ్చింది. అంటే నగరానికి పైన ఉన్న నేల, నీరు శుభ్రంగా ఉండాలని ప్రభుత్వాలు కూడా ఒకప్పుడు గట్టిగానే అనుకున్నాయి.

అదే మూసీ నగరం దాటేసరికి ఏమవుతుందో మనందరికీ తెలుసు. ఇళ్ల మురుగు, వర్క్‌షాపుల నీళ్లు, ఫ్యాక్టరీల నీళ్లు అన్నీ అందులోనే. నగరానికి తూర్పున ఆ నీళ్లతోనే పారా గడ్డి పెంచుతారు. దశాబ్దాలుగా హైదరాబాద్ గేదెలకు పచ్చిమేత అదే. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఈ మురుగునీటి సేద్యం మీద, దాని మీద బతికే కుటుంబాల మీద చాలా అధ్యయనం చేశారు. ఆ గడ్డి కోసే రైతును నేను తప్పు పట్టను. ఆయనకు దొరికింది ఆ నీరే. దాన్ని పాడు చేసింది నగరం, నింద మాత్రం గడ్డి కోసేవాడి మీద పడుతుంది.

కానీ కుందేలు సంగతి వేరే. గేదె 400 కిలోల జీవం, పెంపుడు కుందేలు రెండు కిలోలది. అది గడ్డిని పచ్చిగా, కడగకుండా, రోజంతా తింటుంది. మురుగునీటిలో తడిసిన గడ్డి మీద ఏ క్రిములు, ఏ పరాన్నజీవుల గుడ్లు ఉన్నాయో చెప్పలేం. అందుకని పాతబస్తీలో కుందేలు ఉన్న ప్రతి ఇంటికీ నేను ఒకటే చెప్తా: గడ్డి ఏ నీళ్లతో పెరిగిందో అమ్మేవాళ్లను అడగండి. చెప్పలేకపోతే కొనొద్దు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది ఎవరు? చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్, వికారాబాద్, ఇబ్రహీంపట్నం వైపు బోరు నీళ్లతో, వాన నీళ్లతో వ్యవసాయం చేసే మనమే. ఇప్పుడు పెట్ షాపుల్లో బయటి దేశాల నుంచి వచ్చిన టిమోతీ గడ్డి కిలో వందల రూపాయలకు అమ్ముతున్నారు. ఓడలో వచ్చిన ఎండుగడ్డిని నగరం కొంటోంది. నలభై కిలోమీటర్ల దూరంలో మన గరికను మాత్రం కలుపు అని తగలబెడుతున్నాం.

"సహజం" అంటే "హాని లేదు" అని కాదు

ఇక్కడ కొందరికి నా మాట నచ్చకపోవచ్చు. అయినా చెప్పాలి.

మనం రసాయనాలు కొట్టం కాబట్టి మన గడ్డి దానంతట అదే సురక్షితం అనుకోవడం తప్పు. దశపర్ణి కషాయంలో ఏమేం వేస్తాం? వేప, కానుగ, సీతాఫలం ఆకులతో పాటు ఆముదం, ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు కూడా వేస్తాం. అగ్నిఅస్త్రంలో పొగాకు, వెల్లుల్లి, మిర్చి వేస్తాం. పురుగును చంపడానికో, తరమడానికో వాడుతున్నాం అంటేనే అందులో విషం ఉందని కదా. ఉమ్మెత్త, గన్నేరు మేక తిన్నా ప్రమాదమే, రెండు కిలోల కుందేలు ఎంత? మిర్చి తోటకు కషాయం కొడుతుంటే గాలికి గెట్టు మీద కూడా పడుతుంది. ఆ గెట్టు గడ్డి కోసి "ప్రకృతి గడ్డి" అని అమ్మితే అది మోసమే, తెలియక చేసినా సరే.

జీవామృతం కూడా అంతే. నేలకు అది అమృతమే. కానీ అందులో ఉన్నది పేడ, మూత్రం. గడ్డి మీద చల్లి రెండు రోజులకు కోసి కుందేలుకు పెట్టకూడదు. మేత కోసం వదిలిన గడ్డికి జీవామృతం నీటి కాలువలో మొదళ్లకు మాత్రమే పారించాలి, ఆకుల మీద పిచికారీ వద్దు.

అందుకే నా పద్ధతి ఇది: మేత మడి వేరే. ఏ కషాయమూ, ఏ పిచికారీ లేని మూల. పక్క రైతు కలుపు మందు కొట్టే గెట్టుకు కనీసం కొన్ని సాళ్ల దూరం. గ్లైఫోసేట్ వాడకాన్ని 2022లో కేంద్ర ప్రభుత్వం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. కానీ వానాకాలంలో ఊళ్ల వెంట పోతుంటే పసుపురంగులో మాడిన గెట్లు ఎన్ని కనబడతాయో మీరే చూస్తున్నారు. రోడ్డు పక్కన, కాలువ గట్టున, అపార్ట్‌మెంట్ ఖాళీ జాగాలో పెరిగిన గడ్డి ఎంత పచ్చగా ఉన్నా కోయొద్దు. ఎవరు ఏం కొట్టారో తెలియదు.

మొక్కల్లోనూ ఏరుకోవాలి. లేత జొన్న, మోడెం జొన్న పిలకలు వద్దు, పశువుకు నాము తగిలినట్టే కుందేలుకూ తగులుతుంది. వయ్యారిభామ, ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు, ఆముదం, పల్లేరు ఒక్క కొమ్మ కూడా మోపులోకి రాకూడదు. ఉల్లి, వెల్లుల్లి పొరకలు వద్దు. ఆలుగడ్డ, టమాట చెట్ల ఆకులు వద్దు. గడ్డి చేమంతి మాత్రం నిక్షేపంగా పెట్టొచ్చు. మన దగ్గర కలుపు అంటారు గానీ ఆఫ్రికా దేశాల్లో కుందేళ్లు పెంచేవాళ్లకు అది ఇష్టమైన మేత.

ఎండుగడ్డి చేయడం, లెక్క

వీడియో రెండో సగంలో చూపించినదే. గడ్డి కంకి వేసే ముందు, పూతకు వస్తున్న దశలో కోయాలి. ముదిరితే పీచు ఉంటుంది, రుచి ఉండదు. లేతగా కోస్తే ఆరదు. పొద్దున మంచు ఆరాక కోసి, పలుచగా పరిచి, రోజుకు రెండు మూడుసార్లు తిరగేయాలి. మొదటి రోజు ఎండ తగిలినా తర్వాత నీడలో ఆరబెడితే పచ్చరంగు నిలుస్తుంది. వరిగడ్డిలాగా తెల్లబడిందంటే సత్తువ పోయినట్టే. గుప్పెడు తీసుకుని మెలితిప్పితే కాడ పెళుసుగా పలకాలి, చేతికి చెమ్మ తగలకూడదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కమ్మటి వాసన రావాలి. బూజు వాసన ఏ కొంచెం వచ్చినా ఆ మోపు మొత్తం ఎరువు గుంతకే. బూజు విషం కుందేలు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బస్తా ప్లాస్టిక్‌ది కాకుండా గాలి ఆడే గోనె సంచి అయితే మంచిది.

పది కిలోల పచ్చిగడ్డి ఆరితే రెండు నుంచి మూడు కిలోలు మిగులుతుంది. వంద కిలోలు కోస్తే ముదురు, చెత్త ఏరేశాక నాకు చేతికి వచ్చేది 20 కిలోలు. నేను కిలో 80 రూపాయలకు ఇస్తున్నా. అంటే 1,600. కోత కూలీ, తిరగేయడం, సంచులు పోను సగానికి కొంచెం తక్కువ మిగులుతుంది. బండి ఎట్లాగూ ఆకుకూరలతో పోతుంది కాబట్టి రవాణా ఖర్చు వేరుగా లేదు. గడ్డి కోసమే బండి కట్టుకుని పోతే గిట్టదు, ఆ మాట ముందే చెప్తున్నా.

ఒక కుందేలుకు నెలకు మూడు కిలోలు. వంద కుందేళ్లున్న ఇళ్లకు నెలకు 300 కిలోలు. ఇది కోటీశ్వరులయ్యే లెక్క కాదు. కానీ పత్తికి పెట్టినట్టు పెట్టుబడి లేదు, అప్పు లేదు. చేనులో ఒక మూల గరిక, గిని గడ్డి వదిలితే మొదలుపెట్టొచ్చు. కొర్ర వేసినవాళ్లకు కోత తర్వాత మిగిలే సన్నటి కొర్ర గడ్డి కూడా గరికలో కలపడానికి పనికొస్తుంది. వరిగడ్డి పరుపుగా వేయడానికి చాలు, మేతగా దాంట్లో సారం లేదు.

"మనుషులకే దిక్కులేదు, కుందేళ్లకా?"

ఈ మాట కూడా విన్నా. మనుషులకు విషం లేని తిండి అందించడమే మన మొదటి పని, అందులో నాకూ అనుమానం లేదు. కానీ పాతబస్తీలో నా అనుభవం వేరే. కుందేలు కోసం గడ్డి కొన్న ఇంట్లో రెండో నెలలో వచ్చే ప్రశ్న ఏంటో తెలుసా? "భయ్యా, ఈ గడ్డి మీద మందు లేదంటున్నావ్, మరి మేము తినే పాలక్ మీద?" పిల్లలే అడుగుతారు. మందుల గురించి మనం పది మీటింగుల్లో చెప్పినా తలకెక్కని విషయం, ఇంట్లో ముద్దుగా పెంచుకునే జీవం ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎక్కుతుంది. నా ఆకుకూరల ఖాతాల్లో కొన్ని అట్లా మొదలైనవే.

బక్రీద్ ముందు పాతబస్తీ వీధుల్లో మేకల కోసం ఆకుల మోపులు అమ్మడం మనందరం చూసిందే. అంటే నగరం మేతకు డబ్బులు పెట్టదన్నది నిజం కాదు. అది కొద్ది రోజుల గిరాకీ, కుందేళ్లది ఏడాది పొడుగునా ఉండేది.

ఇంకో లాభం కూడా ఉంది. కుందేలు పెంటికల్లో పశువుల పేడ కంటే నత్రజని ఎక్కువ. పొడిగా, వాసన లేకుండా ఉంటాయి. పాతబస్తీలో మిద్దె మీద కుండీల్లో మొక్కలు పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు. గడ్డి ఇచ్చేటప్పుడే ఆ పెంటికలు కుండీలో వేయమని చెప్పండి. కొత్తిమీర, పుదీనా అక్కడే పెరుగుతాయి, కుందేలుకు ఆకు ఇంట్లోనే దొరుకుతుంది. మన చేనులో చేసే పనిని చిన్నగా ఒక మిద్దె మీద చేసినట్టు.

సంచి మీద ఏం రాయాలి

మీలో ఎవరైనా గడ్డి అమ్మాలనుకుంటే "ఆర్గానిక్", "నేచురల్" అని ఒక్క ముక్క రాసి వదిలేయొద్దు. ఆ మాటలు ఇప్పుడు సబ్బు డబ్బా మీద కూడా ఉంటున్నాయి. నేను సంచి మీద అయిదు సంగతులు రాస్తున్నా: ఏ గడ్డి, ఏ ఊరి నేల, ఏ నీళ్లు, కోసిన తేదీ, ఆ మడిలో చివరగా ఏం చల్లాం. "ఏమీ చల్లలేదు" అయితే అదే రాయండి. కషాయం పడింది అనుకుంటే ఆ కోత అమ్మొద్దు, మల్చింగ్‌కు వాడుకోండి. వానపడి, పాత ఆకు పోయి, కొత్త చిగురు వచ్చాక కోసిందే సంచికి ఎక్కాలి.

కొనేవాళ్లకు కూడా ఒక మాట. సంచి తెరిచి వాసన చూడండి, రంగు చూడండి, ఆ అయిదు సంగతులు అడగండి. చెప్పడానికి రైతు నసిగితే అది నా సంచి అయినా సరే వెనక్కి ఇచ్చేయండి.

ఈ వానాకాలం చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి నలుగురైదుగురు రైతులు మేత మడి వేరుగా వదలడానికి ముందుకొస్తే, వారానికి ఒకరి బండిలో అందరి గడ్డి పాతబస్తీకి చేరేలా మాట్లాడుకోవచ్చు. గరిక పూతకు వచ్చేలోపు ఫోన్ చేయండి. మడి చూడటానికి నేనే వస్తా.